గుండు చెప్పే నిజం

హైదరాబాద్ నుంచి ఆర్మూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారిపై వెళ్తుంటే జక్రాన్‌పల్లి వస్తుంది. పసుపు, మొక్కజొన్న చేలు, దూరంగా గుట్టలు... ఇక్కడికి పడమట, నిజామాబాద్‌కీ బోధన్‌కీ మధ్య నుంచి 78వ తూర్పు రేఖాంశం సాగిపోతుంది. కంటికి కనిపించని ఆ గీతకు కాస్త అటూఇటూగానే రెండు వందల ఏళ్ల కిందట దక్షిణం నుంచి ఉత్తరానికి దేశాన్ని కొలుచుకుంటూ వెళ్లారు!

ఆ సర్వేను 1802లో మద్రాసులో మొదలుపెట్టింది విలియం లాంబ్టన్. గుట్టమీద నుంచి గుట్టకు గురిచూసే ఆయన థియోడొలైట్ బరువు అరటన్ను. 1808లో తంజావూరు గుడి గోపురం పైకి ఎక్కిస్తుండగా తాడు తెగి, గోడకు కొట్టుకుని దెబ్బతింది. లాంబ్టన్ వారాల తరబడి కూర్చుని బాగుచేసుకున్నాడు. 1815లో బీదర్ ప్రాంతంలో నేలమీద ఆధారరేఖ కొలిచాడు.

అంత పట్టుదల ఎందుకంటే... గురి డిగ్రీలో అరవయ్యో వంతు తప్పినా 50 కిలోమీటర్ల దూరంలో 14 మీటర్లకు పైగా తేడా వస్తుంది. తుపాకీకి బిగించే దుర్భిణికైనా, సర్వే దుర్భిణికైనా తొలి పరీక్ష ఒకటే. దారానికి కట్టిన గుండును వేలాడదీసి, అద్దంలోని నిలువు గీత దాంతో కలుస్తోందో లేదో చూడాలి. సర్వేయర్లయితే దుర్భిణిని తిరగేసి అదే గుర్తును మళ్లీ చూస్తారు. రెండు కొలతలూ కలవకపోతే, ఆ తేడాలో సగం యంత్రం తప్పన్నమాట.

ఊళ్లో గోడ కట్టే మేస్త్రీ నమ్మేదీ ఆ గుండునీ, దారాన్నే!