మౌలాలి గుట్టయు, జోడురెక్కల విమానమును

సికింద్రాబాదునకు ఈశాన్యమున మౌలాలి గుట్ట కలదు. అదంతయు నున్నని రాయి. శిఖరమున హజ్రత్ అలీ పేరిట వెలసిన దర్గా. గుట్ట యడుగున, 1824లో మరణించిన ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా తన తల్లి సమాధిచెంతనే విశ్రమించుచున్నది. సుమారు 500 మెట్లెక్కి మేము పైకి చేరి, నలుదిక్కులు చూచితిమి.

పడమట, సికింద్రాబాదున కావల, బేగంపేట విమానాశ్రయము కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అక్కడ యువకులకు టైగర్ మాత్ అను చిన్న విమానములపై విద్య గరపిరి. 1931లో మొదట ఎగిరిన ఈ విమానమునకు పైనొకజత, క్రిందొకజత రెక్కలు. కొయ్యచట్రముపై గుడ్డ బిగించి, బిరుసెక్కుటకు లేపనము పూయుదురు. ఇరువురు ఒకరివెనుక నొకరు కూర్చుందురు, పైకప్పు లేదు. 130 అశ్వశక్తి గల ఇంజనును మేల్కొల్పుటకు పంకాను చేతితో త్రిప్పవలెను. చక్రములకు బ్రేకులు లేవు.

ఇట్టి విమానపు ఇంజను నడిమింట ఆగినచో గతి యేమి? అది రాయివలె పడిపోదు. ముక్కు కొంచెము దించినచో గ్రద్దవలె తేలుచు దిగును. ఆ స్వల్పకాలములోనే వైమానికుడు పొయ్యిపొగను గాని, చెరువునీటి అలలను గాని చూచి గాలి యెటు వీచుచున్నదో గ్రహించి, దాని కెదురుగా దిగవలెను. ఎదురుగాలి వేగమును తగ్గించును. తడిమడి చక్రములను పట్టుకొని విమానమును బోర్లద్రోయును. మౌలాలి బండలవంటివి రెక్కలు విరుచును. చదునైన బీడే దిక్కు. అందుచేతనే గురువు ముందు చెప్పకయే ఇంజను తగ్గించి, ఎక్కడ దిగెదవని శిష్యుని పరీక్షించుట ఆ విద్యలో నొక పాఠము.

ఇట్లు దిగుట అపజయము కాదు. 1928లో కాబూలున తిరుగుబాటు చెలరేగి, బ్రిటిషు రాయబారి నివాసము చిక్కుపడెను. డిసెంబరు 18న ట్రస్క్ అను వైమానికుడు డీహెచ్ 9ఏ అను జోడురెక్కల సైనికవిమానమున అచటి వార్త తెలియబోయెను. తుపాకిగుండ్లు తగిలి యంత్రము చెడినను, షేర్‌పూర్ మైదానమున దిగి, తోడివానితో క్షేమముగా బయటపడెను. అయిదుదినములకే స్త్రీలను, పిల్లలను విమానములపై తరలింప నారంభించిరి. 1929 ఫిబ్రవరి 25 నాటికి 586 మంది గట్టెక్కిరి.

నేడు గుట్టక్రింద రైలుపట్టాలు, ఇంజనుల షెడ్డు, ఒకదాని నొకటి ఒరసికొను ఇండ్లకప్పులు. ఉత్తరమున హకీంపేటలో వైమానికశిక్షణ సాగుచునేయున్నది. 2016లో యుద్ధవిమానశాఖలో మొదట చేరిన మన ముగ్గురు యువతులును అక్కడ నేర్చినవారే. జెట్టు విమానము బీడున దిగజాలదు. కాని నడుపువారు గొడుగుతో దూకవలసి వచ్చినప్పుడు, అది జనము లేని చోట పడవలెను గదా! ఊరిబయలు వ్యర్థభూమి యని తలచి కొలతలు వేయువారు ఈ సంగతి మరువరాదు. ఎగురు బిడ్డను గన్న తల్లికిని, నేలపై ఇల్లు దిద్దుకొను ఇల్లాలికిని ఆ ఖాళీనేలయే కాపు.