మన గోదారి వేరు, పాపికొండల గోదారి వేరు!

చెరుకు గురించి అడగండి, చెబుతాం. శక్కర్‌నగర్ గురించి అడగండి, చెబుతాం. లాంచీ ప్రయాణం గురించి బోధన్ మనిషి రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. కానీ మొన్న చలికాలంలో ఎనిమిదిమందిమి కలిసి పాపికొండలు చూసొచ్చిన దగ్గర్నించీ నా అవస్థ ఏం చెప్పమంటారు? టీకొట్టు దగ్గర, సినిమాహాల్లో ఇంటర్వెల్‌లో, ఆఖరికి పెళ్లి పందిట్లో కూడా అవే ప్రశ్నలు. "ఎట్ల పోవాలె? ఎంతయితది? భయమైతే లేదు గద?" విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నాను.

అసలీ పిచ్చి మాకు ఎక్కించింది సినిమాయే. 1973లో బాపు-రమణలు 'అందాల రాముడు'లో అక్కినేనిని లాంచీ ఎక్కించి రాజమండ్రి నించి భద్రాచలం తీసుకెళ్లారు. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'లో సుమంత్‌నీ, కమలినీ ముఖర్జీనీ అదే దారి పట్టించారు. మొదటిది చూసి మా నాయిన, రెండోది చూసి నేను ఒకటే కోరిక పెట్టుకున్నాం. నాయిన కోరిక తీరనేలేదు. లాంచీలకు మంచి రోజులు నవంబరు నించి ఫిబ్రవరి దాకా. చెరుకు కొట్టి బండ్లకెత్తే రోజులూ అవే. చేలో చెరుకు పెట్టుకుని గోదారి చూడ్డానికి వెళ్లే రైతు వుంటాడా, మీరే చెప్పండి!

సరే, ఒక్కొక్క ప్రశ్నే తీసుకుందాం.

"ఎట్ల పోవాలె?"

రెండు దారులున్నాయి. నిజామాబాద్ నించి సికింద్రాబాద్ చేరుకుంటే, అక్కణ్ణించి రాత్రి బండిలో కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడికి భద్రాచలం నలభై కిలోమీటర్లు, బస్సులో వెళ్లాలి. రాముణ్ణి దర్శించుకుని, కూనవరం, వి.ఆర్.పురం మీదుగా పోచవరం వెళితే అక్కడ బోటెక్కుతారు. మేం వెళ్లింది ఈ దారినే. రెండోది రాజమండ్రి దారి. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి రాజమండ్రి. సినిమాల్లో చూసినట్టు రాజమండ్రి రేవులోనే లాంచీ ఎక్కేస్తామనుకునేరు! పోలవరం కట్టుబడి పైకి లేచాకా బోట్లు కట్టకు ఎగువన, గండిపోచమ్మ గుడి దగ్గర్నించి బయల్దేరుతున్నాయి. అక్కడిదాకా రోడ్డుమీదే వెళ్లాలి. అంచేత టికెట్ కొన్నరోజే "ఎక్కేదెక్కడ? ఎన్ని గంటలకు? అక్కడిదాకా బండి మీదా, మాదా?" అని అడిగి కాగితం మీద రాసుకోండి.

"ఎంతయితది?"

ధర సీజన్ని బట్టి మారుతుంది కాబట్టి అంకె చెప్పను. అంకెకంటే ముఖ్యమైనది, అందులో ఏమేం కలిసున్నాయన్నది. పొద్దుటి టిఫిను, మధ్యాహ్నం భోజనం మామూలుగా లాంచీలోనే పెడతారు. రేవుదాకా బండి ఖర్చు, రాత్రి బస కొన్నిట్లో వుంటాయి, కొన్నిట్లో వుండవు. చవగ్గా వచ్చిందని సంబరపడి, అక్కడికెళ్లాకా ఒక్కొక్కటీ విడిగా కట్టి, ఖరీదైన టికెట్ కంటే ఎక్కువ పోసినవాళ్లను చూశాను.

"ఏం తీస్కపోవాలె?"

పేర్లు రాసుకునేటప్పుడు అడుగుతారు కనక ఆధార్ కార్డు. పొద్దున్నే నీళ్లమీద గాలి కోస్తుంది కనక ఒక శాలువా. మధ్యాహ్నం ఎండ నెత్తిమీదుంటుంది కనక ఒక టోపీ. రోజూ వేసుకునే మందులు. సెల్‌ఫోనుకు ఒక ప్లాస్టిక్ కవరు. అన్నట్టు, కొండల మధ్యకెళ్లాకా సిగ్నల్ వుండదు. సాయంత్రందాకా ఫోన్ రాదని ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి. లేకపోతే మీరక్కడ పాటలు పాడుకుంటూంటే ఇక్కడ మీ అమ్మ దేవుడికి మొక్కుతూ వుంటుంది.

"ముసలోళ్లను తీస్కపోవచ్చునా?"

నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు. నది మీద లాంచీ పెద్దగా వూగదు, కడుపులో తిప్పదు. కష్టమల్లా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే. ఒడ్డుకూ లాంచీకీ మధ్య ఒక చెక్క వేస్తారు, దానిమీద నడవాలి. పేరంటాలపల్లి దగ్గర దిగి శివాలయానికి గట్టెక్కి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లాంచీలోనే కూర్చుని కొండల్ని చూసినా ప్రయాణం దండగ కాదు. అక్కడి కొండరెడ్డి ఆడవాళ్లు వెదురుతో చేసినవి అమ్ముతారు. బేరమాడకుండా కొనండి, పుణ్యముంటుంది.

ఇక ఓడ సంగతి. వైజాగ్ నించి కార్డీలియా వాళ్ల 'ఎంప్రెస్' ఓడ 2022లో పుదుచ్చేరి, చెన్నై దారి పట్టిందని పేపర్లో చదివిన కుర్రాళ్లు "అన్నా, అదెక్కుదాం" అంటున్నారు. ఎక్కండి! కానీ సముద్రం వూగుతుంది. కడుపు తిప్పకుండా మాత్ర ఏదో డాక్టర్ని అడిగి వెంట వుంచుకోండి. ఓడ టికెట్‌లో భోజనం వుంటుంది గానీ సరదాలన్నీ వుండవు, ముందే చూసుకోండి. ఓడ పరాయి దేశం రేవుకు వెళ్లేదైతే పాస్‌పోర్టు తప్పనిసరి. ఓడ బయల్దేరే టైముకు వెళితే చాలదు, కొన్ని గంటల ముందే రేవులో వుండాలి. సినిమాకైతే టైటిల్స్ అయిపోయాకా వెళ్లినా లోపలికి పంపిస్తారు. ఓడ అలా కాదు!

ఇప్పుడు మూడో ప్రశ్న. "భయమైతే లేదు గద?"

దీనికి మాత్రం నింపాదిగా జవాబు చెప్పాలి.

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది మా పక్కనున్న కందకుర్తిలో. మంజీర, హరిద్ర వచ్చి కలిసేదీ అక్కడే. ఎండాకాలం వెళితే ఇసుక మీద నడుచుకుంటూ నదిలో వున్న పాత శివాలయం దాకా పోవచ్చు. వానాకాలంలో అదే గుడి నీళ్లలో మునుగుతుంది. చిన్నప్పట్నించీ ఆ నీళ్లలో ఆడిన మాకు గోదారంటే ఇంటిముందు వాకిలి లాంటిది. "గోదారి మనకు కొత్తనా?" అని ఒక ధీమా. భయపడాల్సింది ఆ ధీమాకే.

ఎందుకంటే మనం చూసే గోదారి ఇంకా చిన్నపిల్ల. పోచంపాడు దాటి కిందికి వెళ్లాకా కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, ఆ తరవాత ఇంద్రావతి, కూనవరం దగ్గర శబరి వచ్చి పడతాయి. ఇన్ని నదుల నీళ్లు మోసుకుంటూ బారలు చాపి నడిచే గోదారి, పాపికొండల మధ్యకొచ్చేసరికి ఒద్దికగా సందులోంచి దూరాలి. జుట్టు మధ్య పాపిడిలా వుంటుందనే 'పాపిడి కొండలు' అన్నారట. వెడల్పు తగ్గితే లోతూ, వడీ పెరుగుతాయి. పైకి అద్దంలా నున్నగా వుంటుంది, అడుగున సుడులు తిరుగుతుంటాయి. 'మూగమనసులు' (1964) చూసినవాళ్లకు గోదారి సుడిగుండం గురించి నేను వేరే చెప్పాలా?

అది సినిమా. ఇది నిజం. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదారి వరదలో వుంది, అయిదు లక్షల క్యూసెక్కులు పైబడి ప్రవాహం. డెబ్భైమందికి పైగా వున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. పక్కనున్న ఊళ్ల గిరిజనులు నాటుపడవల్లో వచ్చి కొందరిని ఒడ్డుకు చేర్చారు. 26 మంది బతికారు. మిగిలినవాళ్లు లేరు. వాళ్లలో మన తెలంగాణ నించి సరదాగా వెళ్లినవాళ్లూ వున్నారు. కాకినాడ నించి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న, అంటే 38వ రోజున బోటును బయటికి తీసింది. ఆ దెబ్బతో ప్రయాణాలు ఆగిపోయాయి. తరవాత కంట్రోల్ రూములు పెట్టి, వరద లేని రోజుల్లోనే పంపేలా మళ్లీ మొదలుపెట్టారు.

మా మేనత్త ఆ వార్తను టీవీలో రోజుల తరబడి చూసింది. వాళ్లబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, మా గుంపులో అందరికంటే చిన్నవాడు. వాడు లాంచీ అనగానే ఆవిడ ఒక పూట అన్నం మానేసింది. చివరికి నన్ను పిలిచి, "నువ్వు పోతున్నవని పంపుతున్నరా. వాన్ని ఎట్ల తీస్కపోతున్నవో అట్లనే తెచ్చియ్యాలె" అంది.

రేవుకెళ్లి చూద్దుం కదా, మా బోటులో లైఫ్ జాకెట్లు కప్పు కింద మూటగట్టి, తాడుతో బిగించి వున్నాయి. అడిగితే "అవసరమైతే ఇస్తామండీ" అన్నాడు బోటు కుర్రాడు. "అవసరం వచ్చినప్పుడు ఆ ముడి ఎవరు విప్పుతారు బాబూ?" అన్నాను. ఎనిమిదిమందిమీ ఒడ్డుమీదే నిలబడిపోయాం. లోపల కూర్చున్నవాళ్లకు విసుగు. "హీరోగారొచ్చారండీ!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. టికెట్ డబ్బులు పోతాయేమోనని మావాళ్లే నా చొక్కా లాగుతున్నారు. సరంగు హారన్ కొట్టాడు. నా చెవుల్లో మాత్రం మేనత్త మాట. కదల్లేదు. అంతలో కిటికీ పక్కనున్న ఒక ముసలావిడ "నాకూ ఒకటియ్యి నాయనా" అని చెయ్యి చాపింది. ఆవిడ అడిగాకా ఇంకెవరు నవ్వుతారు? ముడి విప్పారు. నవ్వినవాళ్లూ తలా ఒకటి తొడుక్కున్నారు.

మావాడు మాత్రం మూతి ముడుచుకున్నాడు. జాకెట్‌తో ఫొటో బాగుండదట! సినిమాలో హీరో అలా వుంటాడా అన్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. షూటింగ్‌లో హీరో పడవ అంచున నిలబడితే, కెమెరాకు ఈవల ఇంకో పడవ వుంటుంది, ఈతగాళ్లుంటారు, చూసుకునే యూనిట్ వుంటుంది. మనకు కెమెరాకు ఈవల ఎవరూ వుండరు. రీటేక్ అసలే వుండదు.

కాబట్టి వెళ్లేవాళ్లు నాలుగు సంగతులు చూసుకోండి. పైన వానలు పడి నది ఎర్రబారి వుంటే ఆ వారం మానుకోండి, కొండలెక్కడికీ పోవు. ఎంతమందికి అనుమతి వుందో, ఎంతమంది ఎక్కారో లెక్క అడగండి. జాకెట్ తొడుక్కుని, బకిళ్లు బిగించుకున్నాకే బోటు కదలనివ్వండి, దిగేదాకా విప్పకండి. ఫొటోకోసం అందరూ ఒక్క పక్కకే పరుగెత్తకండి. ఈ నాలుగూ చూసుకున్నాకా భయం సంగతి మర్చిపోండి. మలుపు తిరిగినకొద్దీ కొండ వెనక కొండ తెర తీసినట్టు జరుగుతుంటే, ఏ సినిమాహాల్లోనూ అంత పెద్ద తెర మీరు చూసి వుండరు.

ఇంటికొచ్చాకా మేనత్త మావాణ్ణి పైకీ కిందికీ ఒకసారి చూసి, "ఫోటువలు చూపియ్యిరా" అంది. అన్నిట్లోనూ వాడు ఆ నారింజరంగు జాకెట్‌లోనే వున్నాడు. ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసింది. చూసి చూసి, చివర్న నావైపు తిరిగి మెల్లిగా అడిగింది.

"ఆడోళ్లకు సుత ఇస్తరా అవి?"