ఇరవై రూపాయల జవాబు

"మీకు జబ్బు చేస్తే మంచి వైద్యం దొరికే ఏర్పాటు చేస్తాం. దానికి నెలకు ఎంత ఇవ్వగలరు?" ఈ ప్రశ్నకు ఆర్థికశాస్త్రంలో ఒక పేరుంది. విల్లింగ్‌నెస్ టు పే అంటారు. ఎంతవరకు చెల్లించడానికి సిద్ధంగా ఉన్నారు అని అర్థం. బజారులో ధర పలకని వాటికి జనం మనసులో ఎంత విలువ ఉందో తెలుసుకోవడానికి ఈ పద్ధతి వాడతారు. వంద ఇస్తారా? ఇస్తానంటే, నూట యాభై? ఇవ్వనంటే, యాభై? వేలంపాటలాగా పెంచుతూ, తగ్గిస్తూ అడిగి, చివరికి ఆగిన అంకె రాసుకుంటారు. అందరి అంకెలూ కలిపి సగటు తీస్తారు. ఒక పథకం పెట్టాలా వద్దా, పెడితే జనం దగ్గర ఎంత రుసుం తీసుకోవచ్చు అన్నది ఆ సగటుతో తేలుస్తారు.

ఐనవిల్లిలో మా ఎరుకల వీధికి ఒకసారి అలాంటి కాగితం వచ్చింది. అడిగిన కుర్రాడు మర్యాదగానే అడిగాడు. మా అమ్మ చేట అల్లుతూనే, "రోగం ఎప్పుడొత్తదో సెప్పి వత్తదా బాబూ? కోతల రోజుల్లో వత్తే ఒక లెక్క, పని లేని రోజుల్లో వత్తే ఇంకో లెక్క" అంది. ఆ మాట రాయడానికి కాగితంలో గడి లేదు. అతను వంద నుంచి దిగుతూ వచ్చాడు. ఇరవై దగ్గర అమ్మ, "ఆయ్, అంతే రాసుకోండి" అంది.

అంతకు రెండేళ్ల ముందే నాన్నకు పొట్టలో పుండు పడింది. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కించి, కోటిపల్లి మీదుగా కాకినాడ తీసుకెళ్లాం. రెండు పందుల్ని అమ్మాం. అమ్మ వెండి పట్టీలు తాకట్టులోకి వెళ్లాయి. అవీ చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి 8,000 తెచ్చాం. నెలకు 240 చొప్పున పద్దెనిమిది నెలలు వడ్డీ కట్టి, అప్పుడు అసలు తీర్చాం. అసలు, వడ్డీ కలిపి 12,320. పదకొండు రోజులు మంచం పక్కన కూర్చున్న అమ్మ ఒక్క బుట్ట కూడా అల్లలేదు. ఆ కూలి ఈ లెక్కలో లేదు.

నెలకు ఇరవై అంటే ఏడాదికి 240. ఏడాది వైద్యానికి ఇస్తానన్న డబ్బూ, అప్పు మీద ఒక్క నెల వడ్డీ సమానం. ఇందులో ఏది నాన్న ఆరోగ్యానికి అమ్మ కట్టిన విలువ? నా లెక్కలో రెండూ కావు. ఇరవై అంటే నెలాఖరుకు ఆమె కొంగున మిగిలే డబ్బు. పన్నెండు వేలు అంటే మా ఇంటికి అప్పు పుట్టిన హద్దు. కాగితం ఎక్కింది మాత్రం ఇరవై. అలాంటి ఇరవైలన్నీ కూడితే, గిరిజనులు వైద్యానికి పెద్దగా విలువ ఇవ్వరు అని ఎక్కడో ఒక వాక్యం తయారవుతుంది. నా భయం ఆ వాక్యం గురించే.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం, కాన్పులు కాకుండా ఒక్కసారి ఆస్పత్రిలో చేరితే దేశం మొత్తం మీద సగటు ఖర్చు ప్రభుత్వ ఆస్పత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845. బుట్టలు అల్లే ఇంటికి ఈ రెండింటిలో ఏదీ చిన్నది కాదు.

మా మామ్మ సోది చెప్పేది. బిడ్డకు జ్వరం తగ్గలేదనీ, కోడలు చిక్కిపోతోందనీ ఆడవాళ్లు వచ్చేవాళ్లు. పెద్దింటివాళ్లు చేటెడు బియ్యం పెట్టేవాళ్లు, కూలి చేసుకునే వాళ్లు దోసెడు. దోసెడు పెట్టిన తల్లికి బిడ్డ మీద ప్రేమ తక్కువని మామ్మ ఏనాడూ అనుకోలేదు. ఎంత ఇవ్వగలరు అన్నది వేరు, ఎంత కావాలి అన్నది వేరు. చదువు లేని మామ్మకు ఆ తేడా తెలుసు.

ఈ తేడాను పరిశోధకులు కూడా చూపించారు. పశ్చిమ కెన్యాలో జెస్సికా కోహెన్, పాస్కలిన్ డ్యుపాస్ గర్భిణులకు మలేరియా దోమతెరలు కొన్ని ఆస్పత్రుల్లో ఉచితంగా, కొన్నిచోట్ల రకరకాల ధరలకు ఇప్పించి చూశారు. 2010లో ఆ ఫలితాలు ప్రచురించారు. ధర సున్నా నుంచి అరవై సెంట్లకు, అంటే అప్పటి మన డబ్బులో ఇంచుమించు పాతిక రూపాయలకు పెరిగితే, తెర తీసుకునేవాళ్లు నూటికి అరవైమంది తగ్గిపోయారు. ఊరికే ఇస్తే జనం వాడరని కొందరంటారు. కానీ ఉచితంగా తీసుకున్నవాళ్లు కొనుక్కున్నవాళ్ల కంటే తక్కువేమీ వాడలేదు.

మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు పేద కుటుంబం ముందుగా ప్రీమియం కట్టాలని పెట్టలేదు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్నది అదే. నెలకు ఎంత ఇస్తారని అడిగి మొదలుపెట్టి ఉంటే, మా వీధిలో సగం ఇళ్లు బయటే ఉండేవని నా నమ్మకం. 2019లో ఆరోగ్య ఆసరా పేరుతో ఆపరేషన్ తర్వాత విశ్రాంతి రోజులకు రోజుకు 225 రూపాయలు ప్రకటించినప్పుడు, పోయిన కూలి కూడా వైద్యం ఖర్చేనని ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది. మంచం పక్కన కూర్చునే మనిషి కూలి అప్పుడూ లెక్కలోకి రాలేదు.

డబ్బు ఒక్కటే కొలత కానక్కరలేదు కూడా. కెన్యాలోనే బుసియా జిల్లాలో ట్సెట్సి ఈగల నివారణకు డబ్బు ఇస్తారా, పని చేస్తారా అని రెండూ అడిగారు. 1997లో ఆ అధ్యయనం అచ్చయింది. మన ఏజెన్సీ కొండల్లో గర్భిణిని డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చేవాళ్లను నెలకు ఎంత ఇస్తారని అడిగితే ఏం చెబుతారు? వాళ్లు ఇచ్చేది భుజం మీద ఉంది.

మాస్టార్లకూ, చదువుకుంటున్న తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ ఒక మాట. ఈ లెక్క తరగతి గదిలో చేయించవచ్చు. కిందటిసారి ఇంట్లో ఎవరికి జబ్బు చేసింది, దారి ఖర్చు ఎంత, ఎవరెవరి కూలి ఎన్ని రోజులు పోయింది, ఏం అమ్మారు, వడ్డీ ఎంత కట్టారు అని పిల్లలు ఇంట్లో అడిగి రాసుకురావాలి. పేర్లు అక్కర్లేదు. ఇరవై ఇళ్ల లెక్క చేతిలో ఉంటే, ఎంత ఇస్తారని అడగడానికి వచ్చినవాళ్ల ముందు, ఇప్పటికే ఎంత ఇచ్చామో చూపించే కాగితం మన దగ్గర ఉంటుంది.