భోజనం తర్వాత నడక

నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగుస్తూ సడలుతూ కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. పనిచేసే కండరం రక్తంలోని గ్లూకోజును ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే లాక్కుంటుంది. అందుకే భోజనమైన కాసేపటికి పది పదిహేను నిమిషాలు నడిచినా చక్కెర అంతగా ఎగబాకదు. రెండు పూటలా అన్నమే ప్రధానమైన తెలుగు ఇళ్లకు ఇంతకన్నా చవకైన సాధనం దొరకదు. తిన్న వెంటనే మంచమెక్కే అలవాటు మానుకోవలసిందే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం సూచిస్తోంది. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంతో నడిస్తే ఆ లెక్కలోకి వస్తుంది.

మనసుకు కలిగే మేలు మరింత ఆశ్చర్యకరం. 2011లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఏడాదిపాటు నడిచిన వృద్ధుల మెదడులో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టుకున్నవారిలో అది తగ్గింది. మతిమరుపుకు భయపడే పెద్దవాళ్లకు ఇది ఎంతో ఊరట. 2014 నాటి స్టాన్‌ఫర్డ్ ప్రయోగాల్లో, కూర్చున్నవారికంటే నడిచేవారికి కొత్త ఆలోచనలు ఎక్కువగా తట్టాయి. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా అంతే. ఒకే జవాబున్న ప్రశ్నల్లో మాత్రం ఆ మేలు కనిపించలేదు.

మోకాళ్ల నొప్పులున్నవారు చదునైన దారిలో కొద్దికొద్దిగా మొదలుపెట్టడం మంచిది.