ఫ్రిజ్ మొరాయించిన వేళ

పనిచేయుచున్న ఫ్రిజ్ వెనుకభాగమున గాని, ప్రక్క రేకులపైన గాని చేయి యానించి చూడుడు. అది వెచ్చగా నుండును. మా పొరుగింటివారు క్రొత్త ఫ్రిజ్ కొనిన దినమున ప్రక్క రేకులు వేడెక్కినవని భయపడి దాని నాపివేసిరి. అది భయపడవలసిన సంగతి కాదు. లోపలనున్న పాలవేడి, కూరలవేడి, తలుపు తెరచినపు డెల్ల లోనికి దూరిన గాలివేడి ఆ రేకులగుండనే బయటికి పోవలెను. ఫ్రిజ్ చేయు పనియంతయు లోపలి వేడిని మోసికొని వచ్చి వెలుపల పారబోయుటయే.

ఆ బరువును మోయునది గొట్టములలో తిరుగు వాయువు. కంప్రెసరు దానిని నొక్కి వేడెక్కించి వెలుపలి గొట్టములలోనికి త్రోయును. అచట నది వేడిని విడిచి ద్రవమగును. పిమ్మట సన్నని గొట్టముగుండ లోపలికి పోయి, మరల ఆవిరి యగుచు అచటి వేడిని పీల్చుకొనును. ఈ పద్ధతికి 1834 సంవత్సరమున జేకబ్ పెర్కిన్సు అను అమెరికా దేశీయుడు ఇంగ్లండులో పేటెంటు పొందెను. నేడు మన వంటయిండ్లలో నడచుచున్నదియు ఆ పద్ధతియే. ఇది తెలిసినవానికి ఫ్రిజ్ చెడినపుడు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: వేడి బయటికి వచ్చు దారిలో అడ్డు ఎచట తగిలినది?

గుంటూరులో మే నెల యెండలు ఎట్లుండునో వేరుగ చెప్ప నక్కరలేదు. రెండేండ్ల క్రిందట అట్టి దినములలోనే మా ఫ్రిజ్ మొరాయించెను. పాలు విరిగినను, పెరుగు పులిసినను మేము సరిపెట్టుకొందుము. కాని మా యమ్మకు మధుమేహము కలదు. ఆమెకు నెల దినములకు వలయు ఇన్సులిను సీసాలు అందులోనే యుండెను. వాడుక మొదలిడని ఇన్సులినును 2 నుండి 8 డిగ్రీల చలిలో నుంచవలెను. ఎక్కువ వేడి తగిలినచో దాని శక్తి సన్నగిల్లును. గడ్డకట్టినచో అది పనికిరాదు. చెడిన మందు చూపునకు మంచిదానివలెనే యుండవచ్చును. సూది వేసికొన్నవారి రక్తములో చక్కెర తగ్గకపోయినపుడు గాని దాని సంగతి బయటపడదు.

మా ఫ్రిజ్ తలుపుమీద అక్షరములు వెలుగు చిన్న పలక యున్నది. ఆనాడు దానిపై 'ఎఫ్.ఎఫ్.' అని కనబడుచుండెను. ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకము తీసి చూడగా, గడ్డకట్టు అరలోని పంకా తిరుగుట లేదని దాని కర్థ మున్నది. తమ్ముడు వెంటనే క్రొత్త పంకా ధర యెంతయో విచారింప మొదలిడెను. అమ్మ, "ఆగరా నాయనా! ముందు నా మందు సంగతి చూడు" అనెను.

వైద్యుని ఫోనులో నడిగి, ఆయన చెప్పినట్లు చేసితిమి. పెద్ద కుండలో ఇసుక పోసి తడిపి, దాని నడుమ చిన్న కుండ నుంచి, అందులో మూతగల డబ్బాలో సీసాలు పెట్టి నీడను దాచితిమి. తడి ఆరిపోవుచు కుండలోని వేడిని తీసికొనిపోవును. ఫ్రిజ్ గొట్టములలో జరుగునదియు దాదాపుగా నిదియే. ఇచట కరెంటు లేదు, అంతియే. అయితే కుండ 8 డిగ్రీల వరకు దింపజాలదు. కొలది దినములు మాత్రమే ఆ యుపాయము చెల్లును.

ఇక ఫ్రిజ్ వద్దకు వచ్చితిని. ఇట్టి సంకేతములనుగూర్చి ఒక మాట చెప్పవలెను. తొట్టెలో పిల్లవాడు ఏడ్చుచున్నాడని పలక చెప్పును గాని, గిల్లినవా డెవడో చెప్పదు. పైగా ఒక కంపెనీ సంకేతమునకు మరియొక కంపెనీ పుస్తకములో అర్థము వెదకుట వృథా. పలక లేని కొన్ని ఫ్రిజ్‌లలో వెనుకనుండు చిన్నదీపము మినుకుమనును. ఎన్నిమారులు మినుకుమన్నదో లెక్కపెట్టవలెను.

కంప్రెసరు మ్రోత వినబడుచుండెను. పై యరలో మంచు గట్టిగా నున్నది. క్రింది యరలు మాత్రము వెచ్చగా నున్నవి. అనగా చలికి లోటు లేదు. దానిని క్రిందికి చేర్చు గాలికే అడ్డు వచ్చినది. గాలి వచ్చు కంతలు చూడగా మంచుతో పూడియున్నవి. వెనుకనున్న పంకా రెక్కలును మంచులో చిక్కుకొనియుండ వచ్చును. అంత మంచు ఎచటినుండి వచ్చినది? గాలిలోని తేమనుండియే రావలెను. తలుపునడుమ కాగితపు ముక్క పెట్టి మూసి, మెల్లగా లాగితిని. మూడు వైపులను కాగితము బిగిసి నిలిచెను. క్రింది మూలను మాత్రము సులువుగా జారి చేతికి వచ్చెను! అచట రబ్బరునకు ఊరగాయ నూనె అంటుకొని, ఎండి, గట్టిపడియుండెను. ఆ సందున రేయింబవళ్లు తేమగాలి లోనికి పోవుచున్నదన్నమాట.

ప్లగ్గు తీసివేసి, తలుపులు తెరచి, క్రింద గుడ్డలు పరచి ఒక దినమంతయు వదలితిమి. ఆలస్యము సహింపక తమ్ముడు మంచు పొడుచుటకు అట్లకాడ తెచ్చెను. వానిని వారించితిని. ఆ మంచువెనుక అల్యూమినియపు గొట్టములు పలుచగా నుండును. వానికి చిల్లిపడినచో వాయువంతయు పోవును. ఇప్పటి ఫ్రిజ్‌లు పెక్కింటిలో నుండునది ఐసోబ్యూటేను. అది మండు వాయువు. అది కారెనని అనుమానము కలిగినచో నిప్పు ముట్టింపక, స్విచ్చులు తాకక, కిటికీలు తెరచి మెకానిక్కును పిలువవలెను. గొట్టములను విప్పు పని ఇంటివారిది కాదు.

అడ్డులు వేరువేరు చోట్ల తగులవచ్చును. గోడకు మరీ ఆనించినను, వెనుక జాలికి దుమ్ము పేరినను వేడి పోవు దారి లేక కంప్రెసరు విరామము లేకుండ తిరుగును. అది టక్కుమని మాటిమాటికి ఆగుచున్నచో కరెంటు బలము చూడవలెను. 230 వోల్టులు రావలసినచోట వేసవిలో తగ్గుట కలదు. ఆపిన ఫ్రిజ్‌ను వెంటనే వేయక అయిదు నిమిషములు తాళవలెను. గొట్టములలోని ఒత్తిడి అప్పటికి గాని సమముగాదు. కూరగాయల పెట్టెక్రింద నీరు నిలుచుట కంటికి పెద్దగా తోచును గాని చిన్న జబ్బు. నీరు పోవు రంధ్రములో గోరువెచ్చని నీరు పోసిన చాలును.

మరునాడు రబ్బరును సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, ప్లగ్గు పెట్టితిమి. పంకా తిరిగెను, అక్షరములు మరల రాలేదు. నడిమి యరలో నీళ్లగ్లాసు పెట్టి, అందులో ఉష్ణమాపకము నుంచి రాత్రియంతయు వదలితిని. తెల్లవారి చూడగా 4 డిగ్రీలు. వారము తరువాత మెకానిక్కు వచ్చి క్రొత్త రబ్బరు బిగించెను. వైద్యుని సలహాపై కుండలోని సీసాలను ముందుగా వాడితిమి. క్రొత్తగా తెచ్చినవి ఇప్పుడు నడిమి యరలో, వెనుకగోడకు తగులకుండ నున్నవి. ఆ గోడ నంటినచో గడ్డకట్టునని భయము. అమ్మ ఇప్పటికిని ఊరగాయ జాడీని మాత్రము ఫ్రిజ్ దరిదాపులకు రానీయదు.