అదుపులోని నిప్పు

పూర్వము తెలుగు పల్లెలలో పాడి గల యిండ్ల దాలి యుండెడిది. నేలలో గుంట త్రవ్వి, అందు పిడకలు పేర్చి, నిప్పు రగిల్చి, పైన పాలకుండ నుంచెడివారు. మంట పైకి లేచెడిది కాదు. సాయంకాలమునకు పాలు ఎఱ్ఱగా కాగి మందముగా మీగడ కట్టెడిది. ఆ నిప్పును అదుపున నుంచినవి రెండు: మీది బూడిద, లోనికి కొద్దిగా మాత్రమే పోవు గాలి.

ఇట్టి నిదానపు వంటకై విద్యుత్పాత్రలు కూడ వచ్చినవి. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అను నతడు 1940లో అట్టి పాత్రకు పేటెంటు పొందెను. లిథువేనియాలో రొట్టెల పొయ్యిలో రాత్రియంతయు ఉడుకు వంటకమును గూర్చి తల్లి చెప్పిన మాటలే అతని యాలోచనకు మూలము.

జోగులాంబ గద్వాల జిల్లాలోని వడ్డేపల్లిలో ఒక తల్లికి, అమెరికాలో నున్న కుమారుడు అట్టి పాత్రను కానుకగా తెచ్చెననుకొనుడు. ఆమె కందిపప్పు పోసి, నీరు నింపి, మీట నొక్కును. చాలసేపటికిగాని ఉడుకరాని పప్పు కొద్దిసేపటికే కుతకుతలాడును, అడుగు మాడును, కాలిన వాసన వచ్చును. “అమ్మకు యంత్రము వాడుట తెలియదు” అని యింటివారందురు. పాపము, ఆమె చేతిలో లోపము లేదు.

అమెరికా యిండ్లలో విద్యుత్తు 120 వోల్టులు. మన యిండ్లలో 230 వోల్టులు. వోల్టులు రెట్టింపైనచో తీగలో పుట్టు వేడిమి నాలుగు రెట్లగును. అచ్చట 240 వాట్లతో పనిచేయు పాత్ర, ఇచ్చట దాదాపు 880 వాట్లను గ్రహించును. స్టెబిలైజరు దీనిని మాన్పజాలదు. అది 230 వోల్టులను నిలుపుటకే గాని 120కి దింపుటకు కాదు. అందులకు తగినంత శక్తి గల ట్రాన్స్‌ఫార్మరు వలయును.

పాత్ర యీ దేశమునకై చేసినదే యైనను మితిమీరి కాగవచ్చును. లోపల నీరు చాలకపోవచ్చును. వేడిమిని నియంత్రించు థర్మోస్టాటు అతుకుకొని పోవచ్చును. ఎట్లైనను మొదట మీట ఆపి, ప్లగ్గు తీసి, పాత్రను చల్లారనీయవలెను. వేడి పాత్రపై చన్నీరు పోయరాదు, అది పగులును. పిమ్మట అడుగున వ్రాసిన వోల్టులను చదువవలెను. లోపలి మరమ్మతు తెలిసిన పనివానికే విడువవలెను.

కొన్ని పాత్రలలో వేడి మితిమీరినపుడు తెగిపోవు చిన్న ఫ్యూజు గలదు. కొందఱు దానిని తొలగించి రాగి తీగ చుట్టి పాత్రను మరల పనిచేయింతురు. అది మిక్కిలి ప్రమాదము. ఫ్యూజు తెగుటకు కారణము కనుగొనక పాత్రను నడిపించుట, ఇంట నిప్పునకు కావలి తీసివేయుటయే. ఏ నిప్పు నైనను వెలిగించుటకు ముందు దాని నాపునదేదో యెఱుగుట వివేకము. దాలి కాచిన తల్లులు ఆ వివేకమును ఏ పుస్తకమును చదువకయే యెఱిగియుండిరి.