రేగడి మీద ఇల్లు

మన 'రేగడి' అనే మాట ఇంగ్లీషు భూశాస్త్ర గ్రంథాలలోకి వెళ్లి 'రేగర్' అనే పేరుతో స్థిరపడి ఉన్నదని మన పాఠకులలో ఎందరికి తెలుసునో! నల్లమట్టి నేలలకు ఆ శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరు అది. కన్నడంలో ఈ నేలనే 'ఎరె' అంటారు. బళ్లారి ప్రాంతంలో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు రెండు మాటలూ ఇంటిమాటలే. ఇంట్లో రేగడి అంటాము, బజారులో ఎరె అంటాము. పేరేదయినా నేల ఒకటే. పంటకు కన్నతల్లి, కొంపకు సవతితల్లి.

బళ్లారి ఊరినడుమ నిలబడి చూచేవారికి ఈ సంగతి అంతగా పట్టుబడదు. పాతవూరు కోటగుట్టను ఆనుకొని పెరిగింది. రాతికి దగ్గరగా పునాది తీసినవాడికి కొద్ది లోతులోనే గరుసు తగులుతుంది. సిరుగుప్ప బస్సెక్కి ఊరు దాటండి, అప్పుడు మొదలవుతుంది నలుపు. ఎండాకాలమయితే చేలన్నీ నెర్రెలు విచ్చి ఉంటాయి. కొన్నిచోట్ల చెయ్యి పెడితే మోచేతిదాకా దిగుతుంది. నాలుగు మంచివానలు పడేసరికి ఆ నెర్రెలన్నీ పూడుకొనిపోయి, నడిచేవాడి చెప్పు ఊడబెరుకుతుంది అదే మట్టి. 1953లో తుంగభద్ర నీళ్లు కాలువలలోకి వచ్చినాక జొన్న, పత్తి పండిన నేలలలో వరిమళ్లు కూడా వెలిశాయి.

దారిలో తెక్కలకోట వస్తుంది. అక్కడి గుట్టలమీద 1963-64లో పురావస్తు పరిశోధకులు తవ్వకాలు జరిపి, నవీన శిలాయుగపు మనుషుల నివాసాలు బయటపెట్టారు. పశువులు కాచుకుంటూ, పైరు పెట్టుకుంటూ బ్రతికిన ఆ మనుషులు గుట్టలమీది రాళ్లమధ్య గుడిసెలు వేసుకున్నారు. శత్రుభయంచేత ఎక్కారో, మృగభయంచేత ఎక్కారో పండితులు చెప్పాలి. ఆ మధ్య రెండేళ్లుగా ఆ దారిన తిరిగి తిరిగి ఉన్నందున నాకు మాత్రం పునాది సంగతే ముందు తోస్తుంది.

నేను తిరిగింది మా చిన్నమ్మ ఇంటికోసం. సిరుగుప్ప దగ్గర పల్లెలో ఆమెవి రెండు ఇళ్లు, పక్కపక్కనే. ఒకటి తాతలనాటి మట్టిమిద్దె, ఇప్పుడు గింజలూ గడ్డీ వేసుకుంటున్నారు. రెండవది మా చిన్నాయన 1998లో కట్టించిన సిమెంటు ఇల్లు. విచిత్రమేమంటే పాతమిద్దె గోడ చెక్కుచెదరలేదు. కొత్తయింటికి మాత్రం కిటికీ మూలలనుంచి పైకప్పుదాకా ఏటవాలుగా బీటలు. వానాకాలంలో వీధితలుపు పడదు, వేసవిలో గడియ అందదు. చిన్నాయన పోయిన తరువాత చిన్నమ్మ ప్రతి ఏడూ ఉగాదికి ముందు మేస్త్రీని పిలిపించి బీటలు పూడ్పించి, సున్నం కొట్టిస్తూ వచ్చింది. పింఛను డబ్బులో సగం గోడలకే పోయేది. కొడుకులిద్దరూ, ఒకరు బెంగుళూరులో, ఒకరు పూనాలో, అమ్మేసి వచ్చెయ్యమని పోరు. కొనవచ్చినవాడు బీటలు చూచి, ఇంటికి వెల కట్టను, స్థలానికి మాత్రం ఇస్తానన్నాడు.

"నేనెక్కడికి పోయేది నాయనా? మీ చిన్నాయన కట్టిన ఇంట్లో నాకు దీపం పెట్టుకునే చోటు లేదా?" అన్నది చిన్నమ్మ.

నేను ఇంజనీరును కాను, ఇంజనీర్ల ఫైళ్లు సర్దే గుమాస్తాను. అయితే ఇరవై యేళ్లు ఆ కాగితాలమధ్య కూర్చున్నవాడికి ఎవరిని అడగవలెనో అయినా తెలుస్తుంది. మా ఆఫీసులోనే పనిచేసి రిటైరయిన ఇంజనీరుగారొకరు, దయగలవారు, వచ్చి చూశారు. ఆయన బీటలవైపు చూడనేలేదు. ఇంటిచుట్టూ మూడుసార్లు తిరిగి, "అమ్మా, నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, ఎక్కడికి పోతాయి?" అని అడిగారు.

తరువాత పెరటి మట్టి ఇంత పట్టుకొని వెళ్లి ఎండించి, పొడిచేసి జల్లించి, పదేసి గ్రాములు రెండు గాజు కొలపాత్రలలో పోశారు. ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో కిరోసిన్. (ఈ రోజులలో ఆ గిద్దెడు కిరోసిన్ సంపాదించడానికే రెండురోజులు పట్టింది.) మరునాటికి కిరోసిన్‌లోని మట్టి 11వ గీత దగ్గర పడుకొని ఉన్నది. నీళ్లలోది 20వ గీత దాటింది. అంటే నూటికి ఎనభైపాళ్లకు పైగా ఉబ్బింది. యాభై దాటితేనే జాగ్రత్తపడవలసిన నేల అట. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకఖనిజం పొరలుపొరలుగా ఉంటుంది. పుస్తకం తడిస్తే పుటలమధ్య నీరు చేరి ఉబ్బినట్లే ఇదీ ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. కిరోసిన్ ఆ పొరలలోకి పోదు, అందుకే ఆ పాత్ర. పెద్ద మేడ బరువును ఎత్తలేని మట్టి ఒంటి అంతస్తు ఇంటిని సునాయాసంగా ఎత్తుతుంది. ఆ ఎత్తడమయినా అంతటా సమానంగా ఎత్తితే బాధ లేదు. ఒక మూల ఎత్తి ఒక మూల దించుతుంది, అక్కడ వస్తుంది చిక్కు.

చిన్నమ్మ ఇంట జరిగిందీ అదే. ఈశాన్యాన నీళ్లుండాలని వాస్తుపండితుడు చెప్పగా ఆ మూల సంపు కట్టించారు. అది అడుగున బీటవారి సంవత్సరాలుగా కారుతున్నది. (శాస్త్రం నీళ్లు ఉండమన్నది గాని కారమనలేదు గదా!) ఆ మూల ఏడాదిపొడుగునా తడిసి ఉబ్బింది. నైరుతిమూల గోడకు పదడుగుల దూరంలో పెద్ద వేపచెట్టు, దాని వేళ్లు అక్కడి తేమనంతా పీల్చి నేలను కుంగదీశాయి. నడుమ ఇల్లు మెలి తిరిగింది. పైపెచ్చు, కట్టిన కంట్రాక్టరు మూడడుగుల లోతు నల్లమట్టిలోనే పునాది ఆపి, లోపల ఇసుక నింపాడు. ఇసుక మంచిదే గాని రేగడిమీద అది నీటితొట్టి వంటిది. చేరిన నీరు అందులో నిలిచి నెమ్మదిగా మట్టికి దిగుతుంది.

పాతమిద్దె ఎందుకు నిలిచిందో ఊరి ముసలిమేస్త్రీ చెప్పాడు. "ఎరె భూమి సామీ. మా పెద్దలు గరుసు తగిలేదాకా తవ్వి, బండరాయి పేర్చుకుంటా వచ్చినారు. మట్టిగోడ ఇంత వంగినా ఓర్చుకుంటది. సిమెంటు ఓర్వదు, పగుల్తది. ఎండాకాలం విచ్చిన బీటలో సిమెంటు కూరితే, వానకు గోడ మూసుకోబోతది. నడుమ మన సిమెంటు అడ్డం. ఇక పక్కన ఇంకో బీట." ఏటేటా చిన్నమ్మ పింఛను పోయిన దారి అదే.

ఇంజనీరుగారు చేయించిన పని చూడటానికి చాలా చిన్నది. బీటలమీద అడ్డంగా ఏడుచోట్ల సన్నని గాజుపలకలు అతికించి, పక్కన తేదీలు వ్రాయించారు. గోడ కదిలితే పలక విరుగుతుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేదాకా పూత పెట్టవద్దన్నారు. సంపు మూసి, ఇంటికి దూరంగా ప్లాస్టికు ట్యాంకు పెట్టించారు. జాలాడి నీళ్లూ, మిద్దెమీది వాననీళ్లూ గొట్టంలో వీధికాలువకు చేర్చారు. ఆ తరువాత ఇంటిచుట్టూ ఆరడుగుల వెడల్పున నల్లమట్టి తీసి, ఎర్రగరుసు పోసి తడిపి దిమ్మిస కొట్టించి, పైన బయటికి వాటం ఇచ్చి కాంక్రీటు వేయించారు. గోడవారనున్న నేల వానకు తడవకూడదు, ఎండకు ఆరకూడదు. ఎప్పుడూ ఒకేలాగ ఉండాలి.

ఉబ్బని మట్టిని ఉబ్బేమట్టిమీద మందంగా పరచి దాన్ని అదుపులో పెట్టవచ్చునని బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య కట్టిగారు పరిశోధించి చూపారట. మన కర్ణాటకలోని మలప్రభ కాలువ పనులలో ఆ పద్ధతి వాడారు. కాలువకు పనికివచ్చిన ఉపాయం ఇంటికి పనికిరాకపోదు.

కొత్తగా కట్టదలచినవారికి ఇంకా మేలైన దారి ఉన్నది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనసంస్థవారు 1950ల నుంచి ప్రచారంలోకి తెచ్చిన పునాది అది. ఉల్లికాడవలె పైన సన్నగా, అడుగున గడ్డగా ఉండే కాంక్రీటు స్తంభాలు. గడ్డ వెడల్పు కాడకు సుమారు రెండున్నర రెట్లు. ఋతువులనుబట్టి తేమ మారేది పైన మూడున్నర మీటర్లలోపే గనుక గడ్డను ఆ లోతుకు దించుతారు. పైమట్టి ఉబ్బి కాడను లాగబోయినా కింద గడ్డ పట్టుకుంటుంది. స్తంభాల తలలను కలిపే దూలానికీ నేలకూ మధ్య మూడంగుళాల ఖాళీ వదలాలి, మట్టి ఉబ్బినా దూలాన్ని ఎత్తకుండా. ఆ ఖాళీని చూచి, పని వదిలేశారనుకొని మేస్త్రీలు మట్టితో పూడ్చేస్తారు. యజమాని దగ్గరుండి చూచుకోవలసింది అదొక్కటే.

రెండు వానాకాలాలు గడిచాయి. ఏడు గాజుపలకలలో అయిదు నిలిచి ఉన్నాయి. వంటింటి మూలది మొదటి ఏడే విరిగింది, నైరుతి గదిలోది మొన్న మే నెలలో విరిగింది. వీధితలుపు ఇప్పుడు వానలో కూడా పడుతున్నది. పూనా కొడుకు అమ్మకం మాట ఎత్తడం మానాడు, పెద్దవాడు మానలేదు.

మిగిలింది వేపచెట్టు. అది చిన్నాయన గృహప్రవేశంనాడు నాటింది. కొట్టించడానికి చిన్నమ్మకు చెయ్యి రాదు. ఒక్కసారిగా కొట్టినా ప్రమాదమేనని ఇంజనీరుగారూ అన్నారు, అంతకాలం ఎండిన మట్టి ఒక్కసారిగా తేమ తాగి ఆ మూలను ఎత్తేస్తుందట. ఏటికి కొన్ని కొమ్మలు తగ్గిస్తూ, గోడకూ చెట్టుకూ నడుమ లోతుగా కందకం తీసి వేళ్లు దాటకుండా కాంక్రీటు గోడ దించమన్నారు. కందకానికి చిన్నమ్మ ఒప్పుకున్నది. కొమ్మల మాట వచ్చేసరికి, ఈ పూత అయిపోనీ నాయనా అంటున్నది.